ముప్పై గంటల ఎనభై ఒక్క నిమిషాలు

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో జనరల్ సైన్స్ చెప్పడానికి కొత్తగా చేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. రిటైరయ్యాక ఏడేళ్లు పోటీ పరీక్షలకు చెప్పాను. మొత్తం ముప్పై ఎనిమిది. ప్రమోషన్ల గురించీ సన్మానాల గురించీ రాయను. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు. ఒక వాక్యం గురించి రాస్తాను. అందులో ఆరు మాటలున్నాయి.

"అంగారకుడి రెండు ఉపగ్రహాలూ దానికి చిక్కిన గ్రహశకలాలే."

మీలో చాలామందికి ఇది కంఠతా వచ్చే ఉంటుంది. ఎక్కడ చదివారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ పుస్తకం రాసినవాడు ఎక్కడ చదివాడో కూడా అడగండి. నేను అడగలేదు. ఇది రాస్తుంటే నాకు కోపం రావడానికి అదే కారణం, ఆ కోపంలో మొదటి వాటా నాదే.

పన్నెండు రికార్డులు

కాలేజీలో నా మొదటి హెడ్ కమలమ్మ గారు. చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్సిల్ ఉండేది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. లోలకం ప్రయోగం చేయించి, పన్నెండు మంది అమ్మాయిల రికార్డులు ఆవిడ టేబుల్ మీద పెట్టాను. అందరికీ ఒకటే విలువ, రెండో దశాంశ స్థానం దాకా. చాలా గర్వంగా ఉంది నాకు.

ఆవిడ మూడు రికార్డులు తిరగేసి మూసేశారు. "పన్నెండు మందికీ ఒకటే వచ్చిందంటే పన్నెండు మందీ చేశారని కాదమ్మా, ఒక్కతే చేసిందని. ఆ ఒక్కతీ ఎవరో కనుక్కునిరా" అన్నారు.

కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ ఒక్కతీ కూడా చేయలేదు. వాళ్ల అక్క అంతకుముందు ఏడాది రాసిన రికార్డు చూసి దింపింది. పన్నెండు మందిచేతా మళ్లీ చేయించాను. పన్నెండు విలువలు వచ్చాయి. ఏ రెండూ ఒకటి కావు. కమలమ్మ గారు అన్నిటిమీదా సంతకం పెట్టారు.

ఈ సంగతి ముప్పై ఒక్క ఏళ్లు ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెప్పాను. ఇతరులకు అన్నిసార్లు చెప్పిన పాఠం మనకు గుర్తుంటుందనుకుంటాం. ఉండదు.

బిట్టు ఎలా తయారవుతుంది

కోచింగ్ సెంటర్ డైరెక్టర్‌ని అందరూ భాస్కర్ సార్ అనేవారు. చెడ్డవాడు కాదు. ఫీజు కట్టలేని పిల్లల్ని వెనక బెంచీల్లో కూర్చోబెట్టి, చూడనట్టు పోయేవాడు. కానీ అతని దృష్టిలో జ్ఞానమంటే నాలుగు ఆప్షన్లలోకి పట్టేది. పట్టనిది అతనికి చెత్త కింద లెక్క.

నేను చేరిన ఏడాది సౌరకుటుంబం మీద నోట్సు రాయమన్నాడు. పదకొండు పేజీలు రాశాను. ఒక పాత జనరల్ నాలెడ్జి పుస్తకం పక్కన పెట్టుకుని, అంగారకుడి దగ్గర ఇలా రాశాను: "అంగారకుడి రెండు ఉపగ్రహాలూ దానికి చిక్కిన గ్రహశకలాలు కావచ్చు." ఏడు మాటలు.

భాస్కర్ సార్ ఆ ఏడో మాట మీద వేలు పెట్టాడు. "మేడం, గీ 'కావచ్చు' పిల్లలకు ఒద్దు. నాలుగు ఆప్షన్లల్ల 'కావచ్చు' అన్నది యాడుంటది? అయితే అయింది, లేకుంటే లేదు. పరేషాన్ చెయ్యకుండ్రి ఆళ్లను."

ఆ రోజు సాయంత్రానికల్లా ప్రెస్సుకు పోవాలన్నాడు. నేనే పెన్ను తీసుకుని 'కావచ్చు' కొట్టేసి, 'గ్రహశకలాలే' అని దిద్దాను. అతను కొట్టలేదు, నేను కొట్టాను. ఇది గుర్తు పెట్టుకోండి.

దాని కింది వాక్యంలో ఆ రెండు ఉపగ్రహాలు అంగారకుణ్ని చుట్టి రావడానికి పట్టే కాలం రాశాను. దగ్గరున్న ఫోబోస్‌కు 7 గంటల 39 నిమిషాలు, దూరంగా ఉన్న డీమోస్‌కు 30 గంటల 18 నిమిషాలు. అచ్చయి వచ్చాక చూస్తే 18 బదులు 81 పడింది. ముప్పై గంటల ఎనభై ఒక్క నిమిషాలట. గంటకు అరవై నిమిషాలని తెలియని మనిషి ఎవరైనా ఉంటారా? సవరణ చీటీ వేయించమని అడిగాను. "జర ఒదిలెయ్యిండ్రి మేడం, గది ఎవరు సూస్తరు" అన్నాడు. నా కాపీలో ఎర్ర సిరాతో దిద్దుకుని ఊరుకున్నాను.

లావణ్య అడిగింది

అయిదేళ్లు గడిచాయి. ఆ బ్యాచ్‌లో లావణ్య అనే అమ్మాయి ఉండేది. జనగామ వైపు నుంచి వచ్చింది. అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ గదిలో నలుగురితో కలిసి ఉండేది. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లి, చెట్టు కింద జాగా పట్టుకుని, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని చదివేది. సాయంత్రం మా క్లాసుకు వచ్చేది. వయసు పరిమితి వల్ల ఆమెకు అదే ఆఖరి నోటిఫికేషన్. ఈసారి రాకపోతే ఇక రాయడానికి లేదు.

ఒక మంగళవారం నేను ఆ ఆరు మాటలూ మైకులో చదివాను. హాల్లో నాలుగు వందల మంది రాసుకుంటున్నారు. లావణ్య లేచి నిలబడింది.

"మేడం, రాయి యాడనో దూరంకెళ్లి వస్తది గదా. దగ్గరికొచ్చేకొద్ది స్పీడు పెరుగుతది. అదే స్పీడు తోటి మళ్ల బయటికి పోవాలె గదా. మరి ఎట్ల చిక్కింది?"

వెనక బెంచీలోంచి ఎవరో "పరీక్షల గది అడగరు, కూసో అక్క" అన్నారు. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. చూసి చెబుతానన్నాను.

నేను చూడకపోలేదు. ఆదివారం కోఠికి వెళ్లాను. ఫుట్‌పాత్ మీద పుస్తకాల వాళ్ల దగ్గర మూడు బిట్ బ్యాంకులు తీశాను. ముగ్గురు వేర్వేరు పబ్లిషర్లు. అట్టలు ఎరుపు, నీలం, పసుపు. మూడింట్లోనూ ఆ వాక్యం ఉంది. మూడూ ఒకటే చెబుతున్నాయి కాబట్టి నిజమేననుకున్నాను. ఎండగా ఉందని త్వరగా ఇంటికి వచ్చేశాను.

సోమవారం క్లాసులో అందరి ముందూ చెప్పాను: "లావణ్యా, మూడు పుస్తకాలు చూశాను. మూడింట్లోనూ అదే ఉంది. రాసుకో."

రాసుకుంది. ఆమె అడిగింది ఎలా చిక్కిందని. నేను చెప్పింది ఎక్కడ రాసి ఉందో. అది జవాబు కాదని నాకు ఆ క్షణంలో తట్టలేదు.

మూడు రోజుల గడువు

పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది. సరికాని వాక్యాన్ని గుర్తించమని అడిగారు. పేపరు తయారుచేసినవారెవరో నాకు తెలియదు కానీ వారికి నమస్కారం. నాలుగు వాక్యాల్లో ఒకటి: అంగారకుడి ఉపగ్రహాలు చిక్కిన గ్రహశకలాలని నిర్ధారణ అయింది. ప్రాథమిక కీలో ఆ వాక్యమే సరికానిదని ఇచ్చారు. మా పిల్లలు దాన్ని సరైనదని వదిలేసి, మిగతా మూడింట్లో తప్పు వెతుక్కున్నారు.

కీ మీద అభ్యంతరం చెప్పడానికి మూడు రోజులు గడువు. రెండో రోజు భాస్కర్ సార్ నన్ను తన గదికి పిలిపించాడు. నలభై మంది పిల్లలతో గదిలో నిలబడడానికి చోటు లేదు. లావణ్య టేబుల్‌కు ఆనుకుని ఉంది. కీ ప్రకారం మార్కులు లెక్కేసుకుంటే ఒక్క మార్కు దగ్గర ఊగుతోందని, ఈ బిట్టు కలిస్తే గట్టెక్కుతుందని పిల్లలు నాకు మెట్ల దగ్గరే చెప్పారు.

రుజువులంటూ టేబుల్ మీద పుస్తకాలు పెట్టారు. ఎరుపు, నీలం, పసుపు. కోఠిలో నేను చూసినవే. రిటైరైన ఫిజిక్స్ హెడ్‌గా నేను ఒక లేఖ మీద సంతకం చేయాలట. ఆ ఉపగ్రహాలు చిక్కిన గ్రహశకలాలేనని ప్రామాణికంగా తేలిందని, కీ తప్పని. లేఖ టైపు చేసి సిద్ధంగా ఉంది.

నేను ఏ కాగితమైనా మొత్తం చదవకుండా సంతకం చేయను. రుజువులు కూడా చదువుతానన్నాను. ఎర్ర అట్ట పుస్తకం తీశాను. వాక్యం ఉంది. కళ్లు కింది వాక్యం మీదికి జారాయి. డీమోస్, 30 గంటల 81 నిమిషాలు.

నీలం తీశాను. 30 గంటల 81 నిమిషాలు. పసుపు తీశాను. 30 గంటల 81 నిమిషాలు.

మూడు పుస్తకాలు కావు అవి. మూడూ నేనే. అయిదేళ్ల కిందటి నా నోట్సును ఒకడు ఎత్తుకున్నాడు, వాడి దాన్ని ఇంకొకడు, వాడి దాన్ని మరొకడు. నా తప్పును నేనే కోఠి ఫుట్‌పాత్ మీద కలుసుకుని, సాక్ష్యం దొరికిందని ఇంటికొచ్చాను. పన్నెండు రికార్డులూ ఒక్క అక్కా గుర్తొచ్చాయి.

"సంతకం చేయను" అన్నాను.

"ఎందుకు మేడం? మీ వాక్యమే గదా" అన్నాడు భాస్కర్ సార్.

"నా వాక్యం కాబట్టే."

"పిల్లల బతుకులు మేడం. గీ ఒక్క మార్కుకు ఎంతమంది తిప్పలు పడుతున్నరో మీకు ఎర్కలేదా? సంతకమే గదా."

లావణ్య వైపు తిరిగి కాగితం, పెన్ను అడిగాను.

లెక్క

ఆ రోజు ఆ టేబుల్ మీద వేసిన లెక్క ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. పదో తరగతి గణితం చాలు. మీరూ వేసి చూడండి.

ఫోబోస్ అంగారకుడి కేంద్రం నుంచి 9,376 కిలోమీటర్ల దూరంలో తిరుగుతుంది. ఒక చుట్టు పొడవు కావాలంటే దాన్ని రెండుతో, 3.14తో గుణించాలి. సుమారు 58,900 కిలోమీటర్లు. పట్టే కాలం 7 గంటల 39 నిమిషాలు, అంటే 27,540 సెకన్లు. భాగిస్తే సెకనుకు 2.14 కిలోమీటర్లు. ఫోబోస్ వేగం ఇది.

దూరం నుంచి వచ్చే రాయి సంగతి వేరు. అంగారకుడు లాగుతున్నకొద్దీ దాని వేగం పెరుగుతుంది. అంత దగ్గరికి వచ్చేసరికి, గుండ్రంగా తిరగడానికి కావలసిన వేగానికి కనీసం రెండు వర్గమూలం, అంటే 1.414 రెట్లు ఉంటుంది. 2.14ను 1.414తో గుణిస్తే 3.03. ఆ వేగంతో వచ్చింది ఆగదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి దూసుకొచ్చే ఆటో చిక్కడపల్లిలో ఎవరో చెయ్యి ఎత్తారని దానంతట అదే ఆగుతుందా? డ్రైవర్ బ్రేకు వేయాలి. ఇక్కడ సెకనుకు దాదాపు తొమ్మిది వందల మీటర్ల వేగం తగ్గాలి. ఆకాశంలో బ్రేకు ఎవరు వేయాలి?

గుణకారాలు, భాగహారాలు లావణ్యే చేసింది. 3.03 దగ్గర పెన్ను ఆపింది.

"అంటే నేను అడిగింది కరెక్టే" అంది.

"కరెక్టే."

అసలు ఏ చంద్రుడూ అలా చిక్కదా అని ఒకబ్బాయి అడిగాడు. చిక్కుతుందని చెప్పాను. నెప్ట్యూన్ పెద్ద చంద్రుడు ట్రైటన్ గ్రహం తిరిగే దిక్కుకు ఎదురుగా తిరుగుతుంది. ఆ గ్రహంతో పాటు పుట్టినదైతే అలా తిరగదు. బయటినుంచి వచ్చి చిక్కినదేనని గట్టిగా నమ్ముతున్నారు. బహుశా జంటగా వచ్చిందని, రెండిట్లో ఒకటి ఆ వేగాన్ని ఎత్తుకుని వెళ్లిపోతే రెండోది మిగిలిపోయిందని ఒక వివరణ.

"ఒకటి ఆగాల్నంటే ఇంకోటి పోవాలె. మా పోస్టుల లెక్కనే" అంది లావణ్య.

అంగారకుడి చంద్రుల విషయం అలా కాదు. అవి గ్రహం తిరిగే దిక్కులోనే, దాదాపు దాని నడుము మీదుగా, గుండ్రంగా తిరుగుతున్నాయి. చిక్కినవి అంత బుద్ధిగా తిరగడం కష్టం. ఏదో పెద్ద దెబ్బ తగిలి లేచిన శిథిలాల్లోంచే పుట్టాయని కొందరంటారు. రంగు, రూపం చూస్తే మాత్రం నల్లటి గ్రహశకలాల్లా ఉన్నాయి. ఎప్పుడో గ్రహం చుట్టూ ఉన్న దట్టమైన వాయువు బ్రేకు వేసిందంటారు, అవి చిక్కినవేననేవాళ్లు. దూరంగా ఉన్న డీమోస్ అంత గుండ్రటి కక్ష్యలోకి ఎలా వచ్చిందో మాత్రం వాళ్లు గట్టిగా చెప్పలేకపోతున్నారు. జపాను వాళ్లు ఫోబోస్ మట్టి తెచ్చి చూద్దామని నౌకను తయారుచేసుకున్నారు. తేలిపోయిన సంగతైతే ఎవరైనా మట్టి కోసం అంత దూరం పోతారా?

"మరి బ్రేకు ఎవరు ఏసిండ్రు మేడం?" అంది లావణ్య.

"తెలియదు."

ఆమె కాగితం మడతపెట్టింది. గొంతు పెంచలేదు.

"తెల్వదని గప్పుడే చెప్తే అయిపోతుండె గదా."

నలభై మంది ముందు ఆ మాట పడ్డాను. అది నాకు దక్కవలసిన మాటే. తప్పు నాదని అక్కడే చెప్పాను. లేఖ మీద సంతకం మాత్రం చేయలేదు. ఆమెకు ఆ మార్కు కావాలని తెలుసు. ఆ మార్కు పోవడానికి కారణం నేనేనని తెలుసు. అయినా చేయలేదు. ఒకసారి ఆమెకు తప్పు చెప్పి, ఆ తప్పు నిజమని ఇప్పుడు ప్రభుత్వానికి రాసివ్వడం నావల్ల కాలేదు. కొందరు దీన్ని అహంకారమన్నారు. భాస్కర్ సార్ అయితే నా ముఖం మీదే అన్నాడు: "మీకు మీ లెక్క ముఖ్యం మేడం, పిల్ల గాదు."

మర్నాటికి ఇంకో రిటైర్డు లెక్చరర్‌తో సంతకం చేయించి పంపారు. ఆయన పుస్తకాలు తెరిచి చూడలేదని తర్వాత విన్నాను. తుది కీలో జవాబు మారలేదు. ఎంపిక జాబితాలో లావణ్య పేరు లేదు. ఆఖరున ఎంపికైన వారి మార్కులకూ ఆమె మార్కులకూ తేడా ఒకటి. నేను రెండుసార్లు తీసివేసి చూశాను.

చీటీ

ఆ నెలాఖరుకు పని మానేశాను. మానే ముందు అయిదు వాక్యాల సవరణ చీటీ ఒకటి రాశాను. ఆ ఉపగ్రహాల పుట్టుక ఇంకా తేలలేదని, చిక్కినవని ఎందుకనుకుంటున్నారో, కావని ఎందుకనుకుంటున్నారో, తొలి నోట్సు నాదేనని, 81 కాదు 18 అని. కాపీలు తీయించి అశోక్‌నగర్ జిరాక్స్ షాపులన్నీ తిరిగాను. ఒక షాపతను యాదగిరి, నేను ఏడేళ్లుగా ఎరిగినవాడు, చీటీ చదివి తల గోక్కున్నాడు. "తేలలేదంటే బిట్టు ఎట్ల అయితది మేడం? ఆన్సర్ ఏందో ఒకటి చెప్పుండ్రి, పెడత" అన్నాడు. తేలలేదన్నదే ఆన్సర్ అన్నాను. అయిష్టంగానే తీసుకున్నాడు. కోఠిలో ఆ ముగ్గురు పబ్లిషర్ల ఏజెంట్లకూ ఇచ్చాను. ఇద్దరు తీసుకున్నారు.

ఈ ఏడాది కొత్త ఎడిషన్ వచ్చింది. ఎర్ర అట్ట పుస్తకం కొని తెరిచాను. నా చీటీ వాళ్లు చదివారు. వాక్యం మార్చారు. ఇప్పుడు ఇలా ఉంది: "అంగారకుడి ఉపగ్రహాలు గ్రహశకలాలు కావు." దాని కింద డీమోస్, 30 గంటల 81 నిమిషాలు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. పిల్ల లేచి ఎలా అని అడిగితే ఎక్కడ రాసి ఉందో చెప్పకండి. కాగితం తీసి ఆమెతో లెక్క వేయించండి. లెక్క తేలకపోతే తేలలేదని మైకులోనే చెప్పండి. నాలుగు వందల మంది నవ్వితే నవ్వనివ్వండి. మీ డైరెక్టర్ పరేషాన్ అయితే కానివ్వండి.

లావణ్య ఇప్పుడు విద్యానగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతోంది. హాస్టల్ ఖాళీ చేసిన రోజు మా ఇంటికి వచ్చింది. నీళ్లు తాగింది, కాఫీ వద్దంది. సంచిలోంచి తన నోటుబుక్కు తీసి టేబుల్ మీద పెట్టింది. "ఇది నాకొద్దు మేడం. మీ దగ్గర్నే ఉండనీయిండ్రి" అంది. వెళ్లిపోయింది.

క్లాసులో రాసే ప్రతిదానికీ తేదీ వేయమని పిల్లలకు నేర్పింది నేనే. లావణ్య వేసింది. ఆ ఆరు మాటలూ ఉన్న పేజీలో, వాక్యం పక్కన పెద్ద ప్రశ్నార్థకం ఉంది. దాని కింద మంగళవారం తేదీ. ప్రశ్నార్థకం మీద అడ్డంగా ఒక గీత ఉంది. ఆ గీత పక్కన తర్వాతి సోమవారం తేదీ. ఆరు రోజుల తేడా.

గీత గీసిన చెయ్యి ఆమెది, గీయించిన మాట నాది. నేను ముప్పై ఎనిమిదేళ్లు ఏం చేశానని ఎవరైనా అడిగితే, ముందు ఆ పేజీ తీసి చూపిస్తాను.